తినని బిస్కెట్

కుక్క తల వంచుకుందంటే తప్పు ఒప్పుకున్నట్టు కాదని, యజమాని తిట్లకు జడిసి అలా చేస్తుందని నిరూపిస్తూ వ్యాసం రాసి నేను పశువైద్య కళాశాలలో ప్రొఫెసర్నయ్యాను. ఆ వ్యాసాన్ని తొమ్మిదేళ్లుగా నెత్తిన పెట్టుకుని ఊరేగుతున్నాను.

ప్రయోగం తేలికే. బిస్కెట్ ముట్టుకోవద్దని కుక్కకు చెప్పి యజమాని బయటికి వెళ్లాలి. నేను ఆ బిస్కెట్ తీసేసి, కుక్కే తినేసిందని ఆయనతో చెప్పాలి. ఆయన తిడతాడు, కుక్క తల వంచుతుంది, నేను రాసుకుంటాను. చివర్లో యజమానికి నిజం చెప్పి పంపాలి.

ఒక్క దర్జీ పెద్దాయనకు మాత్రం చెప్పలేదు. డీన్ పిలిచారని పరుగెత్తాను. రేపు ఫోన్ చేద్దాంలే అనుకున్నాను. ఆ రేపు ఇంతవరకూ రాలేదు.

నిన్న ఆయన ఆ కుక్కను మా ఆసుపత్రికి తెచ్చాడు. దానికి పళ్లు ఊడిపోయాయి, కళ్లు మసకబారాయి. పరీక్ష బల్ల మీద దాన్ని నిమురుతూ ఆయన నవ్వాడు.

"ఇది బంగారమమ్మా. జన్మలో ఒక్కసారే దొంగతనం చేసింది, అదీ మీ గదిలోనే. నా పరువు తీసేసిందని, ఆ రోజు నుంచీ దీనికి బిస్కెట్ అన్నదే పెట్టలేదు."



"అది తినలేదండీ. నేనే తీశాను," అన్నాను.

ఆయన కుక్క చెవి దగ్గరికి వంగి, "తప్పయిపోయిందిరా నాయనా," అన్నాడు.

నన్నెవరూ తిట్టలేదు. అయినా నా తల వంగిపోయింది.