కాలువకీ కట్టకీ మధ్య

ప్రభుత్వ ముద్రణాలయంలో అందరూ ఆయన్ని భూతద్దం అనేవారు. ముప్పై ఒక్క ఏళ్లుగా ప్రూఫులు దిద్దుతున్న మనిషి. కాగితం మీద ఈగ వాలితే అది దీర్ఘం కాదని తేల్చుకున్నాకే తోలతాడని తోటివాళ్లు నవ్వుకునేవారు. అచ్చుతప్పు ఎంతటిదైనా ఆయనకు లెక్కలేదు, పట్టి బయటికి లాగేవాడు. మిగతా విషయాల్లో మాత్రం పిరికివాడు. పై అధికారి పిలిచాడంటే, గది దాటేలోగా రెండుసార్లు మంచినీళ్లు తాగేవాడు. పోలీసు జీపు ఎదురొస్తే సైకిలు దిగి నడిచేవాడు, ఏ తప్పూ చేయకపోయినా.

ఆ ఏడు పార్లమెంటు ఎన్నికలు దగ్గరపడ్డాయి. అంతకుముందే నియోజకవర్గాల హద్దులన్నీ మార్చి గీశారు. ఆ కొత్త హద్దుల ఉత్తర్వు గెజిట్‌లో అచ్చు కావాలి. ఒకసారి గెజిట్‌లో వచ్చిందంటే ఇక దాని మీద ఏ కోర్టుకీ వెళ్లడానికి వీల్లేదు. అందుకని ప్రూఫులు చదివే పనికి రెండో అంతస్తులో ఒక గది ఖాళీ చేయించారు. కిటికీ అద్దాలకు గోధుమరంగు కాగితం అంటించారు. గుమ్మం దగ్గర స్టూలు వేసుకుని తుపాకీతో ఒక పోలీసు. లోపలికి వెళ్లేముందు ఫోన్లు రేకుపెట్టెలో పడేయాలి. పొద్దున తొమ్మిదికి వెళితే సాయంత్రం అయిదు దాకా బయటి మొహం చూసేది లేదు.

చదవడానికి భూతద్దానికి జోడీగా ఇచ్చింది ఒక అమ్మాయిని. ఆమె అసలు ప్రతిని, అంటే కాపీని, పైకి చదువుతుంది, ఆయన ప్రూఫు మీద ఎర్రకలంతో వెంట నడుస్తాడు. కామాలూ ఫుల్‌స్టాపులతో సహా చదవాలి. ఆమెది తాత్కాలిక ఉద్యోగం. ఆరు నెలలకోసారి పొడిగింపు రావాలి. ఇంట్లో అత్తగారి దగ్గర ఏడాది పిల్లను వదిలి వచ్చేది. ఆయన్ని బాబాయ్ గారూ అని పిలిచేది.

పక్కగదిలో ఎన్నికల సంఘం నుంచి వచ్చిన అధికారి కూర్చునేవాడు. సన్నగా, శుభ్రంగా ఉండే మనిషి. గొంతు ఎప్పుడూ పెంచేవాడు కాదు. అరిచేవాళ్ల అరుపు ఎంతసేపో భూతద్దానికి తెలుసు. అంత మెత్తగా మాట్లాడేవాడిని చూస్తేనే ఆయనకు వెన్నులో చలిపుట్టేది.

మూడో రోజు, పదకొండు గంటల వేళ, అమ్మాయి చదువుతోంది.

"పద్నాలుగో నియోజకవర్గం, ఫుల్‌స్టాప్. దక్షిణపు హద్దు, కామా, పాత పిండిమర నుంచి నీళ్ల ట్యాంకు దాకా మురుగుకాలువ వెంబడి, ఫుల్‌స్టాప్. పదిహేనో నియోజకవర్గం, ఫుల్‌స్టాప్. ఉత్తరపు హద్దు, కామా, పాత పిండిమర నుంచి నీళ్ల ట్యాంకు దాకా రైలుకట్ట వెంబడి, ఫుల్‌స్టాప్."

ఎర్రకలం ఆగిపోయింది.

"మళ్లీ చదువమ్మా," అన్నాడాయన.

ఆమె మళ్లీ చదివింది. కాపీలో ఉన్నదే ప్రూఫులోనూ ఉంది, పొల్లు పోలేదు. అయినా ఆయన కలం కదలలేదు. ఆ చోటు ఆయనకు అరచేతిలో గీతల్లా తెలుసు. మురుగుకాలువ మీద పలకల వంతెన దాటితే మూడు అడ్డవీధులు వస్తాయి. రెండో అడ్డవీధిలో ఆయన అక్క ఇల్లు. ఇంటి వెనక పెరటిగోడ, గోడ అవతల రైలుకట్ట. పద్నాలుగు కాలువ దగ్గరే ఆగిపోయింది. పదిహేను రైలుకట్ట దగ్గరగానీ మొదలవలేదు. మధ్యలో ఉన్న మూడు వీధుల జనమూ ఏ నియోజకవర్గంలోనూ లేరు.

"బాబాయ్ గారూ, ఏమైంది?"

ఆయన గొంతు తగ్గించి చెప్పాడు. వేలితో బల్ల మీద కాలువ గీశాడు, కట్ట గీశాడు, మధ్యలో వేలు పెట్టి చూపించాడు. మూడు నెలల కిందట జనం అభ్యంతరాలు చెప్పుకోవడానికి వేసిన ముసాయిదాను కూడా ఆయనే దిద్దాడు. అందులో "మూడు అడ్డవీధులనూ కలుపుకొని" అన్న మాట పదిహేను కింద ఉండడం ఆయనకు బాగా గుర్తు. ఇప్పుడు ఆ మాట లేదు.

అమ్మాయి తలుపు వైపు చూసింది. పోలీసు స్టూలు మీద కునుకు తీస్తున్నాడు.

"కాపీ ప్రకారమే ఉంది కదా. కాపీ ఎలా ఉంటే అచ్చు అలా. మనకెందుకు?"

"తప్పు పడిందేమోనని."

"తప్పయితే సరే. కావాలనే తీసేసి ఉంటే?"

ఆయన లోపల అనుకుని పైకి అనలేకపోయింది సరిగ్గా అదే. పోయిన నెల అక్క వచ్చినప్పుడు చెప్పింది, ఎవరో టేపులు పట్టుకుని వచ్చి వీధి ఈ కొస నుంచి ఆ కొసకి కొలుచుకుపోయారని. రైలుకట్ట పక్కన సరుకుల యార్డు వస్తుందట, ఇళ్లు లేపేస్తారట. ఏమైనా సరే మన ఎంపీ దగ్గరికి వెళ్లి కూర్చుంటాం, ఓట్లకు రాడా వాడు, అంది. ఇప్పుడు ఆ వీధులకు ఎంపీయే ఉండడు. ఓటే ఉండదు. అడిగే గొంతు లేనివాళ్లను లేపేయడం ఎంతసేపు?

పోయినసారి ఎన్నికలప్పుడు ఇదే ముద్రణాలయంలో ఒకాయన ఏదో జాబితా మీద ప్రశ్న వేశాడు. కాసేపు మాట్లాడాలని తీసుకెళ్లారు. పదకొండో రోజున ఇంటికి వచ్చాడు. ఏం జరిగిందో పెళ్లానికి కూడా చెప్పలేదు. అప్పటి నుంచి ఎవరు పలకరించినా "బాగున్నానండీ" అనేవాడు, అంతకుమించి ఒక్క మాట లేదు. అంత మాటకారి మనిషి.

మధ్యాహ్నం భూతద్దం అన్నం డబ్బా మూత తీసి, చూసి, మళ్లీ పెట్టేశాడు. మిగతా పేజీలు చదివారు. ఆయన చెవికి మాటలు అందుతున్నాయిగానీ అర్థం దిగడం లేదు. ఊరుకుంటే ఏం పోతుంది, అని తనకు తాను చెప్పుకున్నాడు. ఎవరడిగారు? కాపీ ప్రకారం దిద్దాను, నా పని నేను చేశాను. ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ మాట మీదే బతికాడు. మరో నాలుగేళ్లు గడిస్తే పింఛను తీసుకుని ఇంట్లో కూర్చోవచ్చు. అక్కకు మాత్రం ఎప్పటికీ తెలియదు, తమ్ముడి కళ్లముందు నుంచే తన వీధి జారిపోయిందని.

అదే మింగుడు పడలేదు.

రెండున్నరకు సంతకాల కాగితం వచ్చింది. చదివినవాళ్లూ దిద్దినవాళ్లూ ఇద్దరూ పొట్టి సంతకాలు చేయాలి. ప్రశ్నలేమైనా ఉంటే రాయడానికి కింద నాలుగు గీతల జాగా. ఎవరూ అందులో ఏమీ రాయరు. అడ్డంగా గీత కొట్టి వదిలేస్తారు.

భూతద్దం కలం తీసి రాయడం మొదలుపెట్టాడు. "పద్నాలుగు, పదిహేను హద్దుల మధ్య మూడు అడ్డవీధులు వదిలిపోయినట్టున్నాయి. ముసాయిదాలో ఉన్న ఒక పంక్తి, పక్కపక్కన ఒకే మాటలు రావడం వల్ల టైపులో కన్నుజారి పోయి ఉండవచ్చు. పరిశీలించగలరు." కింద ఇంకొక మాట చేర్చాడు: "గమనించినది నేను ఒక్కడినే."

అమ్మాయి ఆ చివరి మాట చదివి ఆయన మొహంలోకి చూసింది. తన జాగాలో సంతకం పెట్టింది.

పోలీసు ఆ కాగితాన్ని పక్కగదిలోకి తీసుకెళ్లాడు. గోడగడియారం టిక్కుటిక్కుమంటోంది. కింద అచ్చు యంత్రాలు తిరుగుతూనే ఉన్నాయి, నేల సన్నగా అదురుతోంది. రాసింది కొట్టేస్తే బాగుండుననిపించింది ఆయనకు. పరుగెత్తి కాగితం లాక్కోవాలనిపించింది. కుర్చీలోంచి లేవలేదు.

అధికారి స్వయంగా వచ్చాడు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. తలుపు మూయమన్నాడు.

"ఇది మీరు రాశారా?"

"అవును సార్."

"కాపీని దిద్దే పని మీది కాదని తెలుసుగా?"

"తెలుసు సార్. దిద్దలేదు. అడిగాను, అంతే."

"పేజీల నిండా ఇన్ని వందల హద్దులున్నాయి. ఈ ఒక్కటే మీ కంట పడింది." అధికారి గొంతులో కోపమేమీ లేదు. "ఆ వీధులు మీకెలా తెలుసు?"

అబద్ధం చెబితే భూతద్దం దొరికిపోతాడు. నిజం చెబితే అక్కను తీసుకొచ్చి ఈ మనిషి బల్ల మీద పెట్టినట్టు.

"మా అక్క అక్కడ ఉంటుంది సార్."

"ఏ వీధి?"

"రెండోది."

"ఇంటి నంబరు?"

ఆయన చెప్పాడు. అధికారి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు, తొందరేమీ లేకుండా. తర్వాత అమ్మాయి వైపు తిరిగాడు.

"నువ్వు చూడలేదన్నమాట. ఇక్కడ ఈయన తను ఒక్కడే గమనించినట్టు రాశాడు."

అమ్మాయి కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. భూతద్దం నేల చూశాడు. చూడలేదని చెప్పు తల్లీ, అని లోపల మొత్తుకున్నాడు. ఒక్క మాట, అంతే.

"ఇద్దరం చూశాం సార్," అంది. "నేను రెండుసార్లు చదివాను. బాబాయ్ గారు నా కోసం అలా రాశారు."

అధికారి చిన్న పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు.

"టైపులో కన్నుజారింది అంటారు," అన్నాడు అధికారి, కాగితం మళ్లీ చూస్తూ.

"అంతే అయ్యుంటుంది సార్," అన్నాడు భూతద్దం. "ఎంతటివాళ్లకైనా జరుగుతుంది. ఎవరి తప్పూ అనడానికి లేదు."

అధికారి లేచి పక్కగదిలోకి వెళ్లాడు. ఫోనులో మాట్లాడుతున్నట్టు గొంతు వినిపించింది, మాటలు మాత్రం తెలియలేదు. ఒకసారి చాలాసేపు నిశ్శబ్దం. నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్లో అమ్మాయి ఒక్కటే మాట అడిగింది.

"మా పాపకి రేపు టీకా వేయించాలి బాబాయ్ గారూ. వెళ్లగలనంటారా?"

"వెళతావమ్మా," అన్నాడాయన.

నాలుగింటికి అధికారి తిరిగొచ్చాడు. కాపీ పేజీ మీద తన చేత్తో ఒక పంక్తి రాసి, కింద సంతకం పెట్టి ఉన్నాడు. "మూడు అడ్డవీధులనూ కలుపుకొని."

"పదిహేనులో చేర్చండి," అన్నాడు. "మళ్లీ ప్రూఫు తీయించండి. నేను చూశాకే బయటికి వెళ్లాలి."

ప్రశ్న రాసిన కాగితాన్ని మాత్రం ఇవ్వలేదు. నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో వేసుకున్నాడు. సంతకాలకు కొత్త కాగితం వచ్చింది. ప్రశ్నల జాగాలో అడ్డంగా గీత కొట్టి ఇద్దరూ సంతకం పెట్టారు. అయిదింటికి రేకుపెట్టె తెరిచి ఫోన్లు ఇచ్చేశారు. మెట్లు దిగుతుంటే అమ్మాయి పిట్టగోడ పట్టుకుని ఆగి, ఒక్క నిమిషం ఏడ్చి, మొహం తుడుచుకుని, బస్సుకు వెళ్లిపోయింది.

గెజిట్ వచ్చింది. భూతద్దం ఆ పేజీని మూడుసార్లు చూసుకున్నాడు. పంక్తి ఉంది. దాంతో గండం గడిచిందని ఎవరైనా అనుకుంటారు. ఆయన భయం మాత్రం అప్పుడే అసలు మొదలైంది. ఆ చిన్న పుస్తకం ఇప్పుడు ఎవరి బల్ల మీద ఉందో. అక్క ఇంటి నంబరు అందులో ఉంది, తను నోటితో చెప్పిన నంబరు. రోజూ ఆఫీసు అవగానే సైకిలు తిప్పుకుని అక్క ఇంటికి వెళ్లి, గుమ్మంలో నిలబడి, మనిషి కనిపించాక వెనక్కి వచ్చేవాడు.

బడిపిల్లల యూనిఫారాలు కుట్టే మనిషి ఆవిడ. కుట్టుమిషను తొక్కడం ఆపకుండానే అడిగేది.

"ఏరా, పెళ్లాంతో పోట్లాడావా? రోజూ ఇటు తిరుగుతున్నావు."

"ఏం లేదక్కా. దారిలో ఉందని."

"మీ ఆఫీసు తూర్పున, మీ ఇల్లు పడమట. నా ఇల్లు దారిలో ఎలా ఉందిరా?"

ఒకరోజు ఆయన అక్కడ ఉండగానే ఇద్దరు మనుషులు వచ్చి తలుపు కొట్టారు. ఒకడి చేతిలో పెద్ద పుస్తకం. ఇంటి నంబరు అడిగారు. భూతద్దం లేచి అక్కకీ తలుపుకీ మధ్య నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో, నిలబడి ఏం చేద్దామనుకున్నాడో తనకే తెలియదు.

"ఓటర్ల జాబితా అండీ," అన్నాడు పుస్తకం పట్టుకున్నతను. "ఇంట్లో ఎంతమంది?"

"ఒక్కదాన్నే," అంది అక్క తమ్ముణ్ని పక్కకి నెడుతూ. "వీడు మావాడేలెండి. లెక్కలోకి రాడు."

తర్వాత ఎవరూ రాలేదు. భూతద్దాన్ని మళ్లీ ఆ రెండో అంతస్తు పనికి పిలవలేదు. బడిపుస్తకాల విభాగంలో వేశారు. అమ్మాయికి ఆరు నెలల పొడిగింపు వచ్చింది, వారం ఆలస్యంగా. ఆ వారం ఆయన సరిగా నిద్రపోలేదు. పంక్తి నిజంగా కన్నుజారి పోయిందా, ఎవరైనా కోసేశారా, అధికారి ఫోను చేసింది ఎవరికి, అవతలి మనిషి అంతసేపు ఏం ఆలోచించాడు, ఇవేవీ ఆయనకు తెలియలేదు. యార్డు మాట అప్పుడప్పుడు వినిపిస్తూనే ఉంది.

పోలింగు రోజున అక్కను తనే తీసుకెళ్లాడు. కొత్త నియోజకవర్గం కాబట్టి బూత్ రైలుకట్ట అవతలికి మారింది. కట్ట ఎక్కి దిగి, ఎండలో చాలా దూరం నడవాలి. లోపల గుమాస్తా స్కేలు పెట్టి జాబితా మీద ఒక్కో పేరు కిందికీ జరుపుకుంటూ వస్తుంటే కిటికీ బయట భూతద్దం ఊపిరి బిగబట్టాడు. స్కేలు ఆగింది. గుమాస్తా టిక్కు పెట్టి, అక్క వేలికి సిరా రాశాడు.

తిరిగి వస్తూ అక్క దారి పొడవునా సణుగుతూనే ఉంది.

"ఇదివరకు కాలువ దాటితే బూత్. ఇప్పుడు మోకాళ్లు అరిగేలా నడవాలి. మా వీధిని తీసుకెళ్లి ఇంత దూరాన పడేసిన మహానుభావుడెవడో. వాడి మోకాళ్లకి ఈ నొప్పి వస్తే తెలుస్తుంది."

"నిజమేనక్కా," అన్నాడు భూతద్దం. వెనకనుంచి జీపు చప్పుడు వినిపిస్తే చప్పున అక్క చెయ్యి పట్టుకుని రోడ్డు పక్కకు లాగాడు. జీపు ఆగకుండా దుమ్ము లేపుకుంటూ వెళ్లిపోయింది.

"చెయ్యి వదలరా, నొప్పి," అంది అక్క.

ఆయన కట్ట దిగేదాకా వదల్లేదు.