పైడమ్మ కూర్చునే ఎత్తు

నేను ఒక తాపీని. సిమెంటు ఎత్తి గోడకి పూసే ఇనుప రేకుని. వెనక ఒక కర్రపిడి. ఒకప్పుడు నా కొస రావి ఆకు మొనలా సన్నగా ఉండేది. ఇప్పుడు అరిగిపోయి గుండ్రబడింది.

విజయనగరం దగ్గర ఒక కమ్మరి కొలిమిలో పుట్టాను. అంతకుముందు లారీ కమాను పట్టీని. ఎవరెవరి సామానో మోస్తూ ఊళ్ళు తిరిగి, విరిగి, నిప్పుల్లో పడ్డాను. కమ్మరి నన్ను సాగగొట్టి నీళ్ళలో ముంచాడు. సుయ్యిమన్నాను. నా నోట వచ్చిన మొదటి మాట అదే.

నన్ను కొనుక్కున్నవాడు మరిడయ్య మేస్త్రి. గోడ పూర్తయ్యాక దానిమీద అరచెయ్యి ఆనించి, "ఇంక నీ బతుకు నువ్వు బతుకు" అనేవాడు. చేతులు వణకడం మొదలయ్యాక నన్ను మేనల్లుడూ అల్లుడూ అయిన బంగారయ్య చేతిలో పెట్టాడు. "పనవగానే కడుగు. ఎండిపోతే పాడైపోతాది" అని నా గురించి ఒకటికి రెండుసార్లు చెప్పాడు. కూతురు పైడమ్మ గురించి ఏమీ చెప్పలేదు. మనుషులు పనిముట్ల గురించి చెప్పినంత తేలిగ్గా మనుషుల గురించి చెప్పుకోలేరు.

బంగారయ్య గోడ కడితే పైడమ్మ గమేళాతో సిమెంటు అందించేది. మనిషి బాగా పొట్టి. నెత్తిమీద గమేళా పెట్టుకుంటే గమేళాయే నడిచివస్తున్నట్టుండేది. ఆయన వెనక్కి చూడకుండా నన్ను చాపేవాడు. నేను ఎప్పుడూ ఖాళీ గాల్లో ఆగలేదు. ఆవిడ అక్కడే ఉండేది.

ఒక వేసవిలో ఒకరి మేడ పని ముగింపుకొచ్చింది. మధ్యాహ్నం పైడమ్మ అన్నం గిన్నె తీసుకుని వాకిలి మెట్టుమీద కూర్చుంది. ఇంటావిడ వచ్చి, మంచిమాటగానే, "గృహప్రవేశం కాలేదు కదమ్మా, మెట్లమీద కూర్చోకూడదు" అంది. పైడమ్మ లేచింది. ఆ మెట్టు కట్టింది నేనే, సిమెంటు మోసింది ఆవిడే. పైడమ్మ గిన్నె పట్టుకుని వెళ్ళి రోడ్డవతల ఎండలో నిలబడి అన్నం తింది.

ఆ సాయంత్రం నన్ను కడుగుతూ మొగుడితో అంది.

"బావా, మనం ఇల్లు కట్టుకుంటే ముందర అరుగు కట్టు."

"అరుగేటే! అడిగితే మేడ అడగాల."

"మేడ మీద మనమే కూకుంటాం. అరుగుమీదైతే ఎవులైనా కూకుంటారు. ఎవుల్నీ అడక్కుండా కూకోవాల."

"అంతేనా?"

"అంతే. అది కట్టేవంటే నా మొగుడు గొప్పోడని ఊరంతా సెప్తాను."

"కట్టకపోతే?"

"అప్పుడూ సెప్తాను. గానీ అబద్ధమాడినట్టుంటాది."

బంగారయ్య నవ్వాడు. తరవాత చాలాకాలానికి ఊరి చివర జాగా దొరికి, ఒక గది లేచింది. ముందువైపు అరుగుకి చోటు వదిలాడు. ఒకరోజు ఇటికలు పేర్చి పైడమ్మని కూర్చోమన్నాడు. కాళ్ళు వేలాడాయి.

"తియ్యి బావా. కాళ్ళేలాడితే కూకున్నట్టుండదు. ఎవులో ఎత్తి కూకోబెట్టినట్టుంటాది."

ఒక వరస తీశాడు. ఇంకొకటి తీశాడు. పాదాలు నేలకి ఆనాయి. ఆవిడ కళ్ళు మూసుకుని, "ఇదీ" అంది. ఆయన నా కొసతో గోడమీద ఆ ఎత్తున గీత గీశాడు.

ఏళ్ళు గడిచినా గీత అలాగే ఉండిపోయింది. మిగిలిన సిమెంటు ఒకసారి వంటింటికి సరిపోయింది, ఇంకోసారి నూతి చప్టాకి. ఎవరింటి పని పిలిచినా వెళ్ళేవాడు. సొంత పని తరవాత అనుకునేవాడు. పైడమ్మ ఎత్తిపొడిచేది కాదు. సాయంత్రం ఆ గీతకి వీపు ఆనించి నేలమీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరేది. ఎత్తిపొడిచినా బాగుండేదని నాకు తరవాత అనిపించింది. ఆయనకీ అనిపించి ఉంటుంది.

మొన్నటి వర్షాకాలంలో పైడమ్మ జ్వరంతో పడుకుంది. లేవలేదు.

దినాలు అయ్యాయి. బంగారయ్య నన్ను ముట్టుకోలేదు. గూట్లో ఉన్న నా అంచుకి మొదటిసారి తుప్పు పట్టింది. ఆవిడ ఉండగా నాకు తుప్పంటే తెలీదు.

ఆవిడ తమ్ముడు కొండలరావు రోజూ కేరేజీలో అన్నం తెచ్చేవాడు. బజార్లో సెల్‌ఫోన్ల కొట్టు నడుపుతాడు. మనిషి మంచివాడే, మాటే కొంచెం గరుకు. ఒకరోజు అన్నం పెడుతూ మొదలెట్టాడు.

"ముందర రోడ్డు పడ్డాది కదా బావా. ఆ జాగాలో షట్టరేసి గది కట్టు. అద్దె వస్తాది. ఎన్నాళ్ళని తాపీ పట్టుకుంటావు?"

బంగారయ్య ముద్ద కలుపుకున్నాడు.

"ఊరందరికీ మేడలు కట్టేవు. నువ్వేటి సాధించినావు, సెప్పు?"

బంగారయ్య అన్నం తిని, చెయ్యి కడుక్కుని, గూట్లోంచి నన్ను తీశాడు. ఇటికరాయి ముక్కతో తుప్పు రుద్దాడు. మర్నాడు ఇటికలూ ఇసకా దిగాయి. కొండలరావు సంతోషించి షట్టరు చేసేవాడి ఫోన్ నంబరు కూడా తెచ్చాడు.

బంగారయ్య పునాది తీశాడు. గోడమీద గీత వెల్ల కింద సన్నగా కనిపిస్తూనే ఉంది. ఆ ఎత్తుకి దారం కట్టి పని మొదలెట్టాడు. ఇంత అనుభవమున్న మేస్త్రి ఆ పొద్దు ఒక్కసారీ కిందికి చూడలేదు. గీతనే చూశాడు. సిమెంటు కోసం నన్ను వెనక్కి చాపాడు. నేను గాల్లో ఆగాను. ఆయనా ఆగాడు. తరవాత తనే వంగి గమేళాలోంచి తీసుకున్నాడు.

ఇటికలు గీతకి చేరాయి. ఆయన దానిమీద కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.

అప్పుడే కొండలరావు వచ్చాడు. "ఇదేటి బావా, గది కట్టమంటే పీట కట్టేవు? కోడిపెట్టలు కూకుంటాయా దీనిమీద?"

బంగారయ్య చుట్టూ చూశాడు. గీత గీసినప్పుడు అక్కడ మట్టిదారి ఉండేది. దానిమీద కంకర పడింది, ఆ పైన సిమెంటు రోడ్డు పడింది. పోసిన ప్రతిసారీ రోడ్డు పైకి లేచింది, వాకిట్లో మట్టి నింపుకోవలసి వచ్చింది. నేల పైకి వచ్చేసింది, గీత అక్కడే ఉండిపోయింది.

"కొలత పోయిందిరా" అన్నాడు. "అక్క కూకునే ఎత్తు. ఇంక ఎవుల్ని కూకోబెట్టి కొలవాల?"

అంతవరకూ కొండలరావుకి అరుగు సంగతి తెలీదు. బంగారయ్య చెప్పాడు. మెట్టు గురించి, ఎండలో తిన్న అన్నం గురించి, కాళ్ళు వేలాడటం గురించి. నెమ్మదిగా, ఇటిక మీద ఇటిక పెట్టినట్టు చెప్పాడు. కొండలరావు షట్టరు మాట మళ్ళీ ఎత్తలేదు. చెప్పులు విప్పి పక్కన పెట్టాడు.

"అక్కా నేనూ ఒకటే పొట్టి కదా బావా. అమ్మ మా ఇద్దర్నీ గోడకి నిలబెట్టి నవ్వేది. పేర్చు, నేను కూకుంటాను."

బంగారయ్య కట్టినదాని మీద ఇటికలు పేర్చాడు. కొండలరావు కూర్చున్నాడు. కాళ్ళు వేలాడాయి. ఒక వరస తీశాడు. కొండలరావు కాలివేళ్ళు ఆనాయి.

"సరిపోయిందేటి?"

కొండలరావు తన మడమలకేసి చూసుకున్నాడు. "ఇంకోటి తియ్యి బావా" అన్నాడు. "అక్కకి మడమలు కూడా ఆనాల."

ఇంకో వరస తీశాడు. కొండలరావు రెండు పాదాలూ నేలకి ఆనించి, తల వంచుకుని అలాగే కూర్చుండిపోయాడు. బంగారయ్య కొత్త గీత గియ్యలేదు. బావమరిది లేచేదాకా ఆగి, వెంటనే కట్టడం మొదలెట్టాడు. కొండలరావు మంచి చొక్కాతోనే గమేళా ఎత్తాడు. అందించడం రాదు, సగం కిందపోసేవాడు. అయినా ఆ సాయంత్రం నన్ను వెనక్కి చాపినప్పుడల్లా ఎవరో ఒకరున్నారు.

అరుగు ఆరాక బంగారయ్య మామగారిలాగే దానిమీద అరచెయ్యి ఆనించాడు.

కొన్నాళ్ళకి వీధి చివర మేడ పని మొదలైంది. ఒక మధ్యాహ్నం కూలి ఆడవాళ్ళు అన్నం గిన్నెలతో వచ్చి, ఎవర్నీ అడక్కుండా, అరుగుమీద కూర్చున్నారు.

"ఎవుడే ఇది కట్టినోడు? ఇంత పొట్టిగా కట్టేడు! నా మోకాళ్ళు సూడు, ఎక్కడికొచ్చినాయో!"

"నీకు తాడిచెట్టంత కాళ్ళిచ్చినోడ్నడుగు. నాకు సరిగ్గా సరిపోయింది. హాయిగా ఉన్నాది."

ఆ మాట విని బంగారయ్య వీధిగుమ్మంలోకి వచ్చాడు. ఆయన్ని చూసి వాళ్ళు గిన్నెలు సర్దుకుని లేవబోయారు. ఆయన గబుక్కున లోపలికి వెళ్ళిపోయాడు. కాసేపటికి బయట మళ్ళీ మాటలు మొదలయ్యాయి. ఎవరో ఆవకాయ బద్ద కోసం తగువు పెట్టుకున్నారు. లోపల నేలమీద కూర్చుని ఆయన ఆ తగువంతా విన్నాడు.

ఇప్పుడు నాకు పని లేదు. కడిగి, తుడిచి, గూట్లో పెట్టాడు. ఈ గోడకి అవతలే అరుగు. మనుషులు కూర్చున్నప్పుడు బరువు నాదాకా వస్తుంది. కమాను పట్టీగా ఉన్న రోజుల్లోనూ బరువు మోశాను. ఆ బరువులు ఎవరివో తెలిసేది కాదు.

బంగారయ్యకి మధ్యాహ్నం పూట బజారుపని పడుతూనే ఉంటుంది. అరుగుమీద మాటలు వినిపిస్తుంటే మాత్రం, చెప్పులు చేత పట్టుకుని, పెరటి గుమ్మంలోంచి చుట్టూ తిరిగి వెళ్తాడు.