జాబితాలో లేని పేరు

అంజుమ్ ఆరేళ్లుగా జహీరాబాద్‌లోని నాటు విత్తనాలను కాపాడే ఒక సంస్థలో పనిచేస్తోంది. ఝరాసంగం, కోహీర్ ఊళ్లు తిరిగి, ఆడవాళ్లు ఇళ్లలో దాచుకున్న జొన్న, కొర్ర, కంది విత్తనాల వివరాలు రాసుకొచ్చి హైదరాబాద్‌లో ఉన్న సర్వర్‌లోకి ఎక్కిస్తుంది. ఏ గింజ ఏ నేలకు పడుతుందో, ఎవరింట్లో ఉందో, అంతా అందులోనే ఉంది. ఈ వివరాలు ఏ కంపెనీ చేతికీ పోవని ఊరూరా మాటిచ్చింది. అట్లా మాటివ్వమని చెప్పింది సంస్థ పెద్ద జగన్‌మోహనే. కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఆమెకు ఈ పని నేర్పిందీ ఆయనే.

బుధవారం పొద్దున సర్వర్ ఆమెను లోపలికి రానివ్వలేదు. పాస్‌వర్డ్ తప్పంది. మూడుసార్లు కొట్టి చూసి, హైదరాబాద్‌లో ఉన్న జగన్‌మోహన్‌కు ఫోన్ చేసింది.

"ఏం ఫికర్ చెయ్యకమ్మా. జర మోడెం బంద్ చేసి మళ్ల చాలు చెయ్యి" అన్నాడాయన.

చేసింది. కాలేదు. సెల్‌ఫోన్ నెట్‌తో ప్రయత్నించమన్నాడు. అదీ కాలేదు. కొత్త పాస్‌వర్డ్ పెట్టానని ఒక్కో అక్షరం చదివి చెప్పాడు. ఆమె కాగితం మీద రాసుకుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుంటూ కొట్టింది. మళ్లీ అదే జవాబు.

"నువ్వే తప్పు కొడుతున్నవ్ గావచ్చు. నిదానంగ చూస్కో" అన్నాడు విసుగు లేకుండా.

తప్పు తనదేనేమోనని అంజుమ్ సిగ్గుపడింది. మధ్యాహ్నం దాకా ఆ కాగితంతోనే కుస్తీ పట్టింది. అప్పుడు తట్టింది: సర్వర్ జవాబిస్తోందంటే లైన్ బాగానే ఉన్నట్టు కదా! పక్క బల్ల దగ్గరి పూజితను పిలిచి, తన కంప్యూటర్‌లోనే ఆమె పేరుతో తెరవమంది. ఒక్క దెబ్బకు తెరుచుకుంది.

వాడుకదారుల జాబితా తీసి చూసింది. తన పేరు లేదు. లేని పేరుకు ఏ పాస్‌వర్డ్ కొట్టినా సర్వర్ తప్పనే అంటుంది. జాబితా చివర ఒక కొత్త పేరుంది. అది ఒక విత్తనాల కంపెనీది. పేర్లు చేర్చడం, తీసెయ్యడం జగన్‌మోహన్ ఒక్కడి చేతిలోనే ఉంది.

మళ్లీ ఫోన్ చేసింది. "నా పేరు తీసేసిన్రా సార్?"

"కంపెనీతోని ఒప్పందమైంది. నువ్వు అడ్డం పడ్తవని తెల్సు. వాళ్లు కాపీ చేస్కునేదాక..."

"మరి పొద్దటిసంది నాతోని మోడెం ఎందుకు బంద్ చేయించిన్రు?"

"ఎట్ల చెప్పాల్నో తెల్వలేదమ్మా."

పేరు తీసెయ్యడం కన్నా, ఆ ఓపికే ఆమెను ఎక్కువగా కోసింది. ఫోన్ పెట్టేసి, షేర్ ఆటో ఎక్కి ఝరాసంగం పోయింది. అందరికన్నా ముందు తనను నమ్మి గింజలు చూపించిన నారమ్మకు, గడప బయటే నిలబడి, జరిగిందంతా చెప్పింది.

నారమ్మ చేతిలోని చేటను కింద పెట్టింది. "గా సారు ఎవరో నాకెర్కలేదు బిడ్డా. మాటిచ్చింది నువ్వు" అంది.

"తక్కినోళ్లకు గూడ నేనే చెప్పాలె" అంది అంజుమ్.

నారమ్మ కూర్చోమనలేదు. పక్కింటి తలుపు కేసి చూపించి, "భాగీరథి ఇంట్లనే ఉంది. పో, చెప్పు" అంది.