చెక్కల తాళంలో ఇంగ్లీషు మాట

మంచినీటి బావి అడగడానికి మా ఊరివాళ్లం బ్లాకు ఆఫీసరుగారిని పిలిచాం. అప్పటికింకా మా ఆడవాళ్లు ఎండిన వంక ఇసుకలో చెలమలు తవ్వి నీళ్లు తోడుకునేవారు. హెడ్మాస్టరు స్వాగతపత్రం ఇంగ్లీషులో రాసిచ్చారు. చదవవలసింది పంచాయతీ ప్రెసిడెంటు నారాయణప్ప. మంచి మనిషే గాని చదువు ఐదో తరగతితో ఆగింది. రెండో వాక్యంలోనే ఆఫీసరుగారిని పొగిడే మాట ఒకటి అతనికి అడ్డం పడింది: ఇన్‌డిఫ్యాటిగబుల్.

సగంలో ఆగిపోతే ఎదురు పార్టీవాళ్లు నవ్వుతారని, ఆ నవ్వుల నడుమ బావి అడగలేనని అతని బెంగ.

"నేను స్టేజీ ఎక్కనప్పా. జొరమొచ్చిందని చెప్పు," అన్నాడు నాతో.

శనివారాలు మా ఊళ్లో చెక్కభజన నడిపించేది నేను. ఆ మాట సంగతేమిటని హెడ్మాస్టరును అడిగాను. ముందున్న 'ఇన్' అంటే లేదని, నడుమ ఉన్నది అలుపని, చివరి 'బుల్' దాన్ని మనిషికి అతికించే తోక అని చెప్పారు. అలుపు లేనివాడు దేవుడొక్కడే కదా, జీతం తీసుకునే మనిషికి అతికించవచ్చా అంటే, ఆయన నవ్వారు.

దేవుడికి తగిన మాటే గనుక భజనలో పెట్టినా తప్పులేదనుకున్నాను. గుడి ముందు మా జట్టు నడుమ నారాయణప్పను నిలబెట్టి, ముక్కకొక అడుగు వేయించాను. 'ఫ్యా' దగ్గర కాలు గట్టిగా పడాలి, తక్కినవి తేలికగా జారిపోవాలి. అతను అనడం, చెక్కలు మోగిస్తూ మేము అందుకోవడం. కొన్నాళ్లకు మాట అతని నోటికి లొంగింది.

సభ రోజు ఆఫీసరుగారికి ఎదురువెళ్లి భజన చేసిన మా జట్టు చెక్కలతోనే ముందు వరసలో కూర్చుంది. నారాయణప్ప ఆ మాట దగ్గర కాలెత్తి, తడబడకుండా పలికాడు. మావాళ్లు అలవాటు కొద్దీ చెక్కలు మోగిస్తూ ఒక్క గొంతుతో అందుకున్నారు. జట్టులో చిన్నవాడు ఓబన్న లేచి ఒక చుట్టు తిరిగాడు కూడా. ఎదురు పార్టీతో సహా సభంతా నవ్వింది. నారాయణప్ప చేతిలో కాగితం కిందికి దిగింది.

ఆఫీసరుగారు నవ్వు ఆపుకుంటూ, ఆ మాటకు అర్థమేమిటని తెలుగులో అడిగారు.

"అలుపు లేనోడని సార్," అన్నాడు నారాయణప్ప. కాగితం మడిచి, "మా ఆడోళ్లు దినామూ చెలమల కాడికి పోతాండారు. ఈ మాట వాళ్లకు పెట్టాల్సింది. నిజానికి వాళ్లకూ అలుపుండాది, చెప్పుకోరంతే. బావి తవ్వించండి సార్," అన్నాడు.

ఆ చెలమలు చూపించమంటూ ఆఫీసరుగారు స్టేజీ దిగారు. వంక చేరేసరికి ఆయన బూట్ల నిండా ఇసుక. నీళ్లకొచ్చిన మారెమ్మ చెంబుతో ముంచి ఇస్తే తాగి, ఇంకొంచెం అడిగారు.

"నీళ్లు ఊరాల సామీ. అందాకా కూచో," అంది మారెమ్మ.

ఆయన ఇసుకలోనే కూర్చుని, బావికి చోటెక్కడ చూశారని నారాయణప్పను అడిగారు.