ఎవరూ నీళ్ళు పోయని మొక్క

గాజువాకలోని మా ఇనుప కర్మాగారంలో, క్యాంటీన్ గోడ పగులులోంచి ఒక బిళ్ళగన్నేరు మొలిచి, ఆ నల్లని ధూళిలోనే పూలు పూసింది. దాన్ని మేనేజరుకు చూపించాను.

"ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు. బతకాలన్న పట్టుదల చూడండి సార్" అన్నాను. నా మాటకు నేనే మురిసిపోయాను.

ఆయన నవ్వారు. "మరి మనకు తోటపని మనిషెందుకయ్యా?"

మర్నాడు తొలగింపు జాబితా నా బల్ల మీదికి వచ్చింది. అందులో తోటపని చేసే చిలకమ్మ పేరుంది. సాయంత్రంలోగా నేనే దాన్ని నోటీసు బోర్డుకు అంటించాలి.

విషయం తెలిసి ఆమె వచ్చింది.

"ఎవులూ నీల్లు పొయ్యనేదన్నావట, బాబూ? రోజూ మద్దేనం కేంటీన్ల గిన్నెలు కడిగిన నీల్లు బకిట్టుతో తెచ్చి నానే పోత్తన్నాను. నీకు పువ్వు అవుపడింది గానీ నాను అవుపడనేదా?"

"పొరబాటైంది చిలకమ్మా."

"ఆ మాట నాకెందుకు? ఆ బాబుకి సెప్పు."

మేనేజరు గది పది అడుగుల దూరంలో ఉంది. తలుపు తెరిచే ఉంది. వెళ్ళి చెబితే నా అందమైన మాట అబద్ధమని తేలుతుంది. అంతకు మించి నాకు పోయేదేమీ లేదు. ఆ సంగతి స్పష్టంగా తెలిసే, జాబితా తీసుకుని నోటీసు బోర్డు వైపు నడిచాను.