ఎత్తు పిడి కత్తి

"ఈ పూట దీంతోని కొయ్యి తబితా. యాడ నొస్తదో చెప్పు," అంటూ మా ఆయన కొత్త కత్తి ఒకటి వంటగట్టు మీద పెట్టేవాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో నీకెక్కడ నొప్పి అని నన్నడిగిన మొదటి మనిషి ఆయనే. ఉల్లిగడ్డల ఘాటుకు కళ్లు మండుతున్నా లోపల ముచ్చటపడుతూ చెప్పేదాన్ని. బొటనవేలి మొదట్లో లాగుతోందనీ, మణికట్టు పీకుతోందనీ, వేళ్ల కణుపులు చెక్కకు కొట్టుకుంటున్నాయనీ. ఆయన నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని అక్కడా ఇక్కడా నొక్కి చూసేవాడు. మా ఆయన సుందర్‌రాజ్ అబిడ్స్‌లో స్టీలు వంటసామాన్లు చేసి అమ్మే ఒక కంపెనీలో ఇంజనీరు. ఆ చెయ్యి పట్టుకోవడం ఆఫీసు పనేనని నాకు తెలుసు. అయినా అందులో కొంత నా కోసం కూడా ఉందనుకున్నాను.

అత్తమ్మకు ఇదంతా వేళాకోళం. "మా కాలంల కత్తిపీట ముందల కూసుండి గంపల కొద్దీ తరిగినం. గీ నొప్పులు మాకు యాడియి?" అనేది. నిజమే, కత్తిపీట మీదైతే ఒంటి బరువే కోస్తుంది, మణికట్టు వంచే పని లేదు. ఇప్పుడు ఆమె మోకాళ్లు వంగవన్న సంగతి మాత్రం ఆ మాటల్లోకి వచ్చేది కాదు. నాంపల్లిలో మేం కిరాయికుండే ఇంట్లో గట్టు నాకు ఎత్తెక్కువ. భుజాలు పైకి లేపి, మణికట్టు కిందికి వంచి కోస్తే తప్ప గుమ్మడికాయ తెగేది కాదు. ఇంట్లో అందరూ తింటారు గానీ గట్టు ఎత్తు ఎవరికీ కనబడదు.

రెండువేల సంవత్సరం క్రిస్మస్‌కు ముందు ఆయన తెచ్చిన మొదటి కత్తి పిడి, కోసే అలుగు కంటే పైకి లేచి ఉండేది. పిడికిలి నిండా పట్టొచ్చు. మణికట్టు వంగదు, కణుపులు చెక్కకు తగలవు. పండగ బిర్యానీకి కావలసిన ఉల్లిగడ్డలన్నీ కోసి, "ఇదేనండీ! ఇంకేం ఎతకకండి," అన్నాను. మర్నాటికి అది గట్టు మీద లేదు. "దానిమీద ఇంకా పని ఉంది," అన్నాడు. ఆ తర్వాత వచ్చినవన్నీ తిన్నని పిడివే, ఒకటి సన్నం, ఒకటి బరువు, ఒకటి నున్నగా జారేది. ఈస్టర్ నాటికి బొటనవేలు వాచింది. డాక్టరమ్మ చూసి, వేలి మొదట్లో నరం చుట్టూ వాపు వచ్చింది, కొయ్యొద్దు, బట్టలు పిండొద్దు, చెయ్యిని పడుకోబెట్టు అంది. 

పడుకోబెట్టేదెట్లా? నేను ఇంటర్ చదివే రోజుల నుంచీ మా చర్చిలో కీబోర్డు వాయిస్తున్నాను. టీ పెట్టమని ఎవరూ పిలవని చోటు నాకు లోకంలో ఆ స్టూలు ఒక్కటే. ఇంట్లో పని ఆపడానికి లేదు కనుక ఆపగలిగింది అదే అయింది. ఇవాంజెలిన్ అనే కాలేజీ పిల్ల నా చోట కూర్చుంది. "గిన్నె ఎత్తనీకి నొస్తదట గని పెట్టె వాయించనీకి నొయ్యదా?" అని అత్తమ్మ అంతకుముందే అని ఉంది కాబట్టి, మానేస్తే కూడా ఎవరూ అయ్యో అనలేదు. మా ఆయన మాత్రం, "జర ఓపిక పట్టు, మంచి కత్తి తయారైతది," అన్నాడు. పట్టాను. నొప్పి పెరిగిందని చెప్పిన ప్రతిసారీ ఆయన ముఖం వెలిగేది. నేను బాగా చెబుతున్నానని మురిసిపోతున్నాడనుకున్నాను.

మళ్లీ నవంబరులో కోతపండుగ వచ్చింది. ఆరాధన అయ్యాక చర్చి ఆవరణలో వేలం. ఎవరు తెచ్చిన కానుక వాళ్లు పెడతారు, గుమ్మడికాయలూ కోళ్లూ కేకులూ. వేలంలో పాడుకున్నవాళ్లు తమకు గౌరవమైన మనిషికి ఆ వస్తువును అందరి ముందూ ఇచ్చేయడం మా దగ్గర ఆనవాయితీ. ఎక్కువగా అవి పాస్టరయ్యగారి ఇంటికే చేరతాయి. మా ఆయన ఆ ఏడు పెట్టెలో పెట్టిన కత్తి తెచ్చాడు. నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో అమ్మకానికి పెట్టబోతున్న సరుకు. పెట్టె తెరవగానే గుర్తుపట్టాను. ఆ ఎత్తు పిడి.

అయ్యగారు రెండు మాటలు చెప్పమన్నారు. మా ఆయన మైకు అందుకున్నాడు.

"దేవుని కృపతోని మొదటిసారే సరైన పిడి దొరికింది. కానీ కంపెనీకి రుజువు కావాలె గద! మంచి కత్తి దాచిపెట్టి, అదే చేతికి మామూలు కత్తులు ఇచ్చుకుంట పోయిన. నొప్పి ఎట్ల పెరుగుతదో మంచిగ ఎరుకైంది. మా తబిత చెయ్యి లేకపోతే ఈ కత్తి లేదు."

చప్పట్లు. ముందు కుర్చీలోంచి కంపెనీ యజమాని డెన్నిస్ గారు వెనక్కి తిరిగి, "గొప్ప త్యాగం, సిస్టర్," అన్నారు. అత్తమ్మ నా మోచేయి పొడిచింది. "లేచి వందనం చెప్పు."

నా ఒళ్లంతా మంట పుట్టింది. దొంగచాటుగా చేసి ఉంటే, పట్టుబడి తల దించుకుని ఉంటే, ఎట్లాగో ఓర్చుకునేదాన్నేమో. ఈయన నా పేరు ప్రేమగా పలికి మరీ చెప్పాడు. ఇది నా దగ్గర దాచాల్సిన సంగతని కూడా ఆయనకు తట్టలేదు. నేను రాత్రిళ్లు వేలికి వేడినీళ్ల గుడ్డ చుట్టుకుంటుంటే ఆ కత్తి అబిడ్స్‌లో ఆయన సొరుగులో హాయిగా ఉంది. నేను భర్త అనుకుని చెయ్యి అందించాను. ఆయన పనిముట్టు అనుకుని అందుకున్నాడు.

వేలంపాట మొదలైంది. నేను కుడిచెయ్యి ఎత్తాను. అందరూ నవ్వారు. మా ఆయన కూడా నవ్వి, "మనకెందుకే? ఇంటికి ఇంకోటి తెస్తా," అన్నాడు. మళ్లీ ఎత్తాను. ఎవరు పెంచినా ఎత్తుతూనే ఉన్నాను. కొత్త కీబోర్డు కొనుక్కుందామని పిల్లలకు పాఠాలు చెప్పి దాచుకున్న డబ్బు ఉంది, పోతే పోయింది. చివరికి జనం నవ్వడం మానేసి నన్నే చూడసాగారు. కత్తి నాకు వచ్చింది.

అయ్యగారు అలవాటుగా చిరునవ్వుతో చెయ్యి చాపారు. ఆయనకు వందనం చెప్పి, పక్కనుంచి నడిచి వెళ్లి, పెట్టెను మా ఆయన చేతుల్లో పెట్టాను. మైకు తీసుకున్నాను.

"ఇది మా ఆయనకు. రేపటిసంది మా ఇంట్ల కూరగాయలు ఆయనే కోస్తరు. నా చెయ్యి బాగైనంక కీబోర్డు మీదికి పోతది గని, ఆయన కొలువుల మాత్రం మళ్ల చేరదు."