రెండో సూది

పిల్లి చెవి నుంచి రక్తపు చుక్క తియ్యాలంటే ముందు ఆ చెవిని రెండు వేళ్ళ మధ్య పెట్టుకుని వెచ్చబడేదాకా నెమ్మదిగా రుద్దాలి. చల్లటి చెవి ఎంత గుచ్చినా రక్తం ఇవ్వదు. వెచ్చబడ్డాక అంచున గుచ్చితే ఆవగింజంత చుక్క పైకి ఉబుకుతుంది, దాన్ని షుగర్ మిషన్ పట్టీకి అంటించాలి. ఈలోగా ఆ పిల్లి, దొర, తల విదిలించాడంటే చుక్క కాస్తా ఆమె నైటీ మీద పడుతుంది, మళ్ళీ మొదటికొస్తుంది వ్యవహారం. ఆమె నైటీలన్నిటి మీదా అలాంటి గోధుమరంగు చుక్కలు ఉన్నాయి. "అదేంటే, కొత్త బట్ట కట్టుకుని ఒక్కరోజైనా శుభ్రంగా ఉండవా" అని అత్తగారు అన్నది ఆ చుక్కలు చూసే. అవి ఎక్కడివో అత్తగారు అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఆ ఆదివారం పొద్దున కూడా ఒడిలో పిల్లి, పక్కన చాప మీద పాకుతూ వచ్చి పిల్లి తోక పట్టుకోబోతున్న పాప. కాలితో పాపని ఆపుతూ, చేత్తో పిల్లిని పట్టుకుని, నోటితో పట్టీ కవరు చింపింది. పక్క గదిలోంచి భర్త కాఫీ అడిగాడు. వస్తున్నానంది.

దొరకి షుగర్ ఒక్కటే అయితే ఇంత బాధ లేదు. షుగర్‌తో వెనక కాళ్ళు పట్టు తప్పాయి. మడమలు నేలకి ఆనించి, రిటైరైన ముసలి గుమాస్తాలాగా నడుస్తాడు. క్లోమం వాచింది, అందుకని కొన్ని పూటలు తిండి గిన్నె చూస్తేనే మొహం పక్కకి తిప్పుకుంటాడు. కిడ్నీలు అంతంతమాత్రం. పళ్ళు కొన్ని పీకేశారు కాబట్టి మెత్తగా నలిపి, గోరువెచ్చగా చేసి, వేలి కొన మీద పెట్టి నాకించాలి. ఒక రోగానికి మంచిదైన తిండి ఇంకో రోగానికి పడదు. వీటన్నిటి మధ్యా డాక్టరమ్మ చెప్పిన సూత్రం ఒక్కటే: తిన్నాకే ఇన్సులిన్ సూది. గిన్నె ఖాళీ చేస్తే సిరంజి మీద రెండు గీతల మందు, సగం తింటే ఒక గీత, మూతి పెట్టకపోతే అసలే వద్దు. షుగర్ ఎక్కువైతే పిల్లి మెల్లగా చిక్కిపోతుంది, తక్కువైతే చూస్తుండగానే పోతుంది. ఆ మాట ఆమె గుండెలో మేకులా దిగింది. పాప ఊపిరి తీస్తోందో లేదో అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునే మనిషికి ఇంకో ప్రాణాన్ని కూడా చేతిలో పెట్టారు.

దొర ఆమె పిల్లి కాదు, అతని పిల్లి. పెళ్ళికి ముందు నుంచీ ఉన్నాడు. దొరని భుజం మీద ఎక్కించుకుని దిగిన ఫోటో చూసే ఆమె ఇంట్లో వాళ్ళు ఈ సంబంధానికి సరేనన్నారు. నోరులేని జీవాన్ని ఇంత ప్రేమగా చూసేవాడు పెళ్ళాన్ని ఇంకెంత బాగా చూస్తాడో అన్నారు. డిగ్రీ సగంలో ఆగిపోతుందే అని ఆమె గొణిగితే, చదువెక్కడికి పోతుంది, తర్వాతైనా చదవొచ్చన్నారు. ఇప్పటికీ చుట్టాలు వస్తే దొర అతని ఒడిలోనే ఉంటాడు. "ఇంత జబ్బు పిల్లిని వేరే వాళ్ళయితే ఎప్పుడో వదిలించుకునేవాళ్ళు. మా వాడిది వెన్నలాంటి మనసు" అంటుంది అత్తగారు. వెన్న అతనిది, కరిగేది ఆమె. పాపకి పాలు మాన్పించాక, ఇదివరకు చేసిన బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్ ఉద్యోగానికి మళ్ళీ వెళ్తానని ఆమె అడిగింది. అతను ఫోన్లోంచి తలెత్తకుండా, "మరి దొరని ఎవరు చూస్తారు?" అన్నాడు. కనీసం పాపని ఎవరు చూస్తారనైనా అనలేదు. ఆ మాట తలచుకున్నప్పుడల్లా ఇప్పటికీ ఆమె చెవులు వేడెక్కుతాయి.

ఆ పూట దొర సగమే తిన్నాడు. ఆమె ఒక గీత మందు లాగి, మెడ వెనక తోలు గుడారంలా పైకెత్తి, సూది వేసింది. మూత పెట్టి పాత బిస్కెట్ డబ్బాలో పడేసింది. కాఫీ ఇచ్చింది. పాపని తీసుకుని స్నానాల గదిలోకి వెళ్ళింది.

తలుపు అవతల అత్తగారి గొంతు వినబడుతూనే ఉంది. అత్తగారు వచ్చి వారమవుతోంది. నీళ్ళ చప్పుడులో మాటలు తెలియలేదు. పాప తల తుడుస్తూ బయటికి వచ్చేసరికి దొర గది మధ్యలో ఉన్నాడు. నడవబోతున్నాడు, నేల ఒప్పుకోవడం లేదు. పక్కకి ఒరిగి, లేచి, మళ్ళీ ఒరిగాడు. కళ్ళు ఆమె వైపే ఉన్నాయి గానీ ఆమెని చూడటం లేదు. ఫ్రిజ్ మీద మూత లేని సిరంజి ఒకటి పడి ఉంది.

"ఇదెవరు తీశారు?"

"నేనే వేశాను," అన్నాడు అతను, టీవీ చూస్తూ. "పాపతో హడావిడిలో నువ్వు మర్చిపోయుంటావనుకున్నా."

మర్చిపోయుంటావనుకున్నా. దొరకి సూది మొదలైన దగ్గర్నుంచి ఒక్క పూట మర్చిపోయిందా? ఆమెకి జ్వరం వచ్చినప్పుడు, పాపకి జ్వరం వచ్చినప్పుడు, పుట్టింట్లో పెళ్ళికి వెళ్ళడం మానుకున్నప్పుడు? స్నానాల గది తలుపు ఫ్రిజ్‌కి చేతికందే దూరంలో ఉంది. వేశావా అని ఒక్క మాట అడిగితే నోరరిగిపోతుందా? తిట్టడానికి కూడా వ్యవధి లేదు. పాపని అత్తగారి చేతిలో పడేసి, గ్లూకోజ్ పొడి నీళ్ళలో కలిపి దొర చిగుళ్ళకి రాసింది. అతను అప్పుడు లేచాడు. కారులో దారంతా దొర ఆమె ఒడిలో తువ్వాలులో చుట్టుకుని సన్నగా వణుకుతూనే ఉన్నాడు, ఆమె రాస్తూనే ఉంది. ముందు సీట్లో అత్తగారు, పాప.

ఆస్పత్రిలో డాక్టరమ్మ దొరని బల్ల మీద పడుకోబెట్టి, షుగర్ చూసి, నర్సుకి ఏదో చెప్పి, "ఏమైంది?" అంది.

ఆమె నోరు తెరిచేలోగా అతను అందుకున్నాడు. "మా ఆవిడ పొరపాటున రెండుసార్లు వేసేసింది డాక్టర్."

ఎంత సాఫీగా అన్నాడు. అన్నం తిన్నాను అన్నట్టు.

"చంటిపిల్లతో మతి నిలవట్లేదమ్మా దానికి," అత్తగారు గుమ్మం దగ్గర పాపని జోకొడుతూ సర్దింది. "అందుకే, పిల్లని కొన్నాళ్ళు నాతో తీసుకెళ్తానంటున్నా. ఇవాళంటే పిల్లి. రేపు పిల్లకి ఇంత మందు బదులు అంత పోస్తే ఎవరిది బాధ్యత?"

ఆమెకి కోపం రాలేదు అప్పుడు. అంతకంటే సిగ్గుపడాల్సింది వచ్చింది: అనుమానం. తన మీద తనకే. నిజంగానే తనే వేసిందా? డబ్బాలో పడేసినది ఇవాళ్టిదేనా, నిన్నటిదా? ఈ మధ్య ఉప్పు డబ్బా ఫ్రిజ్‌లో పెట్టిన మాట నిజమే. గ్యాస్ కట్టేశానా అని రెండుసార్లు లేచి చూసిన మాట నిజమే. పాపకి జ్వరం మందు పోసే ముందు సీసా వెలుతురుకి పట్టి పట్టి చూస్తుంటే, "నీకు ఏదీ గుర్తుండదులే" అని అతను నవ్వుతూ అన్నది ఎన్నిసార్లో. మొదట్లో తనూ నవ్వింది. అలా నవ్వీ నవ్వీ ఇక్కడికి తెచ్చుకుంది. ఒక మనిషిని తనని తానే నమ్మకుండా చేస్తే ఇక ఆ మనిషి మీద ఏదైనా రుద్దొచ్చు. పిల్లి చావైనా రుద్దొచ్చు. ఒడిలోంచి పిల్లని ఎత్తుకుపోతున్నా, నిజమే కదా, నాకు మతి లేదు కదా అని చేతులు తనే విప్పుతుంది.

"రెండోసారి ఎన్ని గీతలు లాగారు?" డాక్టరమ్మ ఆమెనే అడిగింది. "కరెక్టుగా చెప్పాలి. ఎంత వెళ్ళిందో తెలిస్తేగానీ నేను ఎంత గ్లూకోజ్ ఎక్కించాలో, ఎంతసేపు ఎక్కించాలో తేల్చలేను."

"అదే, మామూలుగా వేసేదే," అన్నాడు అతను.

"మామూలుగా అంటే?"

అతను ఆమె వైపు చూశాడు. సాక్స్ ఎక్కడున్నాయి అన్నట్టే చూశాడు. మామూలుగా ఎంతో అతనికి తెలియదు. అతని పిల్లి, అతని వెన్న మనసు, అందులో ఎన్ని గీతలో తెలియదు. ఆ చూపుతో ఆమె అనుమానం పొగలా ఎగిరిపోయింది. కింద నిప్పు మిగిలింది.

"మామూలుగా రెండు డాక్టర్. ఇవాళ సగమే తిన్నాడని నేను ఒకటి వేశాను. రెండో సూది నేను వెయ్యలేదు. అందులో ఎంత లాగారో వేసినాయనే చెప్పాలి."

నర్సు చేతిలో దూది ఆగింది. పాప ఆవలించింది. అతను గొంతు సవరించుకున్నాడు, కిందికి చూశాడు, వాళ్ళమ్మ వైపు చూశాడు.

"పది," అన్నాడు చివరికి. "నాన్నకి పది వేసేవాళ్ళం కదా. అమ్మ కూడా పదే అంది."

పోయిన మామగారి మోతాదు. తువ్వాలులో పట్టే ప్రాణికి.

డాక్టరమ్మ చేతులు వేగం పెంచాయి. ముందు కాలి మీద బొచ్చు గీశారు, సన్నటి గొట్టం ఎక్కించారు, సీసా మార్చారు. సాయంత్రం దాకా గ్లూకోజ్ ఎక్కుతూనే ఉండాలి, మధ్య మధ్యలో చెవి గుచ్చి చూస్తూ ఉండాలి, ఇప్పుడే ఏ మాటా ఇవ్వలేనంది. బయట కూర్చోమంది.

బయట బెంచీ మీద అత్తగారి న్యాయం మారిపోయింది. "పోన్లే, ఏదో సాయం చేద్దామనుకున్నాడు. మగపిల్లాడు, వాడికేం తెలుస్తుంది? పొరపాట్లు జరగవా?" ఇందాక ఆమె చేసిందన్నప్పుడు పిల్లని తీసుకుపోవలసినంత నేరం. కొడుకు చేశాడనేసరికి పొరపాటు, పైగా సాయం. "అయినా పరాయి వాళ్ళ ముందు మొగుణ్ణి అలా నిలబెడతారా? మీ మామయ్యకి అన్నేళ్ళు నేను సూదులేశాను. ఏనాడైనా ఆయన మాట కింద పడనిచ్చానా?"

ఆమె అత్తగారి మొహంలోకి చూసింది. అన్నేళ్ళు. ఈవిడనైనా ఒక్కరోజు వేశావా, తిన్నావా, నిద్రపోయావా అని ఎవరైనా అడిగారా? అడిగి ఉండరు. ఆ జాలి వచ్చినంత వేగంగానూ పోయింది. తను మింగినదంతా కోడలి గొంతులో కూడా పొయ్యాలని చూసే మనిషి మీద ఎంతసేపని జాలిపడుతుంది?

"పాపని ఇలా ఇవ్వండి అత్తయ్యా."

"నిద్రపోతోందే, లేపుతావా?"

"ఇవ్వండి."

పాపని భుజాన వేసుకుని అతని కోసం వెతుక్కుంటూ వెళ్ళింది. అతను మెట్ల దగ్గర, ఆమెకి వీపు పెట్టి ఫోన్లో వాళ్ళక్కతో మాట్లాడుతున్నాడు. మాట వినబడేంత దగ్గరికి వచ్చి ఆగింది.

"...ఏం చెప్తాం అక్కా, చూసుకోకుండా రెండుసార్లు పొడిచేసింది. పిల్ల పుట్టినప్పట్నుంచీ ఇదే వరస. అవును, అమ్మ తీసుకెళ్తానంటోంది. అదే మంచిదేమో. నువ్వు కూడా ఓ మాట చెప్పు దానికి. ఇప్పుడే బావకీ, పిన్నికీ కూడా చెప్పాను..."

డాక్టరమ్మ ముందు నిజం ఒప్పుకుని ఎంతసేపయింది? లోపల దొర కాలికి కట్టిన గుడ్డ ఇంకా తడి ఆరి ఉండదు. ఒక్కసారి అతన్ని మెట్ల మీంచి తొయ్యాలనిపించింది. అంత స్పష్టంగా, చేతుల్లోకి బలం వచ్చేటంత స్పష్టంగా అనిపించింది. ఇంతకుముందైతే అలా అనిపించినందుకు తనే భయపడి, బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చేది. తర్వాత ఆ ఫోన్లన్నీ ఒక్కొక్కటే ఆమెకి వచ్చేవి. వదిన, పిన్నత్తగారు, అందరూ మెత్తటి గొంతులతో, జాగ్రత్తమ్మా, కాస్త విశ్రాంతి తీసుకోమ్మా అని. ఆ మెత్తదనం మీదే పాప బట్టలు సూట్‌కేసులోకి వెళ్ళిపోయేవి.

అతని ముందుకి వచ్చి నిలబడి చెయ్యి చాచింది. పాపని మేనత్తకి చూపిస్తుందనుకున్నాడేమో, అలవాటుగా ఫోన్ ఇచ్చేశాడు.

"వదినా, నేను. దొరకి నేను ఒక్కసారే వేశాను, వెయ్యాల్సినంతే వేశాను. రెండో సూది మీ తమ్ముడు వేశారు. నన్ను అడక్కుండా, అత్తయ్యని అడిగి, మామయ్య మోతాదు వేశారు. ఇందాక డాక్టర్ ముందు ఆయనే చెప్పారు. నాకు మతి బాగానే ఉంది. పాప నా దగ్గరే ఉంటుంది. అది ఎవరైనా నాకు చెప్పే విషయం కాదు, నేను మీకు చెప్తున్న విషయం."

"వాడు వేశాడా?" అంది అవతల వదిన, ఎవరో తెలియని మనిషి గురించి అడిగినట్టు.

"ఆయనే. ఉంటాను వదినా."

ఫోన్ పెట్టేసింది గానీ అతని చేతికి ఇవ్వలేదు. అతని మొహం కందగడ్డలా అయింది. "నీకేమైనా పిచ్చా? ఇంటికెళ్ళి మాట్లాడుకునే మాట కాదా ఇది?"

"ఇంట్లో మీరు మాట్లాడలేదుగా. ఊరందరితో మాట్లాడారు." పాపని ఒక భుజం మీంచి ఇంకో భుజం మీదకి మార్చుకుని, మెట్టు మీద చతికిలబడి, ఫోన్లో ఆ పొద్దుటి నంబర్లు పైకి జరపసాగింది. "బావగారికీ, పిన్నికీ చెప్పానన్నారు. ఇంకా ఎవరెవరికి చెప్పారో వరసగా చెప్పండి. ఒక్కొక్కళ్ళకీ చేద్దాం. దొరకి సీసా అయ్యేది సాయంత్రానికి. అప్పటిదాకా నాకు వేరే పనేం లేదు."